బంతి నేల తాకకూడదు

ఆ ఏడు కంది కోతలప్పుడు మా ఇంట్లో అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. అన్న దశరథ్ నా భర్త. తమ్ముడు పరశురాం నా యారాలు సింధుజ భర్త. తోడికోడలిని మా దిక్కు యారాలంటారు.

కళ్ళంలో కంది కట్టెలు కొడుతుండగా మాట మీద మాట పెరిగింది. మందను అమ్మేసి తాండూరు పోదామన్నాడు తమ్ముడు. నా కాళ్ళు ఆడినన్నాళ్ళూ గొర్లను అమ్మేది లేదన్నాడు అన్న. ఇద్దరిలో ఎవరి మాటనూ తీసేయడానికి లేదు. మా ఊరు ధారూర్ దాటి వికారాబాద్ పోయే రోడ్డుకు కొంచెం లోపలగా ఉంటుంది. ఒకప్పుడు చుట్టూ బీళ్ళే. ఇప్పుడు ఎటు చూసినా ఫాంహౌస్‌లు, రిసార్టులు, వాటికి ఇనుప కంచెలు. మంద మేయాలంటే పొద్దున బయలుదేరిన మనిషి ఎంత దూరం పోవాలో వాడికే తెలియదు. పరశురాం అదే అన్నాడు. అయితే అది చెప్పేటప్పుడు, నీలాగా గొర్ల వెంట తిరిగి తిరిగి చావాలా అన్నాడు. ఆ మాట మా ఆయనకు లోపల దిగింది. చేతిలో కట్టెను కింద పెట్టి ఇంటికి వచ్చేశాడు. మిగిలిన కళ్ళం మేం ఇద్దరం ఆడవాళ్ళం, మా అత్త రుక్కమ్మ కలిసి చేసుకున్నాం.

ఆ తర్వాత ఇల్లు ఒకటే, పొయ్యి ఒకటే, మాటలు లేవు. ఒకరు తిని లేచాక ఇంకొకరు వచ్చి కూర్చునేవారు. నేను సింధుజతో ఏదైనా అంటుంటే పరశురాం లేచి వాకిట్లోకి పోయేవాడు. సింధుజ నాతో నవ్వితే మా ఆయన మొహం తిప్పుకునేవాడు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. అదే ఎక్కువ బరువుగా ఉండేది. అంగన్‌వాడీలో పిల్లల మధ్య పొద్దంతా అరిచినా నాకు అంత అలసట రాదు. సాయంత్రం ఇంటి గడప తొక్కగానే కాళ్ళు లాగేవి.

సింధుజను ఈ ఇంటికి తెచ్చింది నేనే. వికారాబాద్ హైస్కూల్లో, హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో ఇద్దరం బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళం. నాకంటే రెండు తరగతులు కింద. అప్పటి నుంచే నన్ను అక్కా అనేది. మా మరిదికి సంబంధాలు చూస్తున్నప్పుడు ఆమె పేరు నేను చెప్పాను. ఆమెకు ఇప్పుడు ఐదేళ్ళ కూతురు, ప్రణవి. మాకు పిల్లలు లేరు. ప్రణవి రోజూ నా వేలు పట్టుకొనే అంగన్‌వాడీకి వచ్చేది.

అప్పటి టీములో మూడో మనిషి నూరీన్. ఇప్పుడు తాండూరులో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరు. ఏటా మా దగ్గరే కందులు తీసుకుంటుంది. ఆ ఏడు కూడా స్కూటీ మీద వచ్చింది. వచ్చి అరుగు మీద కూర్చొని ఇంటి వాలకం చూసింది. మా ఆయన ఇటు, పరశురాం అటు. మధ్యలో అత్త గింజలు చెరుగుతోంది. అన్నదమ్ములిద్దరూ బయటికి పోయాక నూరీన్ ఫోన్ తీసి మాకు ఒక వీడియో చూపించింది. ఎక్కడో ఏ దేశంలోనో ఇద్దరు ఆడవాళ్ళు రోడ్డు మీద పక్కపక్కన నడుస్తూ ఒకరికొకరు బాస్కెట్‌బాల్ విసురుకుంటున్నారు.

"గిది సూడు రాణీ. నడుసుకుంట పోవాలె, బాల్ కింద పడొద్దు. దీనికి గూడ ప్రపంచ రికార్డు ఉందట," అంది.

ఏం లాభం అని అడిగాను. లాభమేమీ లేదని, పేరు వస్తుందని, అదీ కాకపోతే జర నవ్వుకుంటామని చెప్పింది. నేను ఫోన్ ఆమె చేతికి ఇచ్చేసి లేవబోయాను. అప్పుడు అత్త పక్కన గింజలు ఏరుతున్న సింధుజ తల ఎత్తింది.

"మనం జేద్దామక్కా," అంది.

కోతల తర్వాత ఆమె గొంతు పెంచి ఒక మాట అనడం అదే మొదలు. ఆ మొహం చూసి కాదనలేకపోయాను.

ఆ తర్వాతి వారం నూరీన్ బడి నుంచి ఒక పాత బాల్ తెచ్చి ఇచ్చింది. తెల్లవారుజామున, పొయ్యి వెలిగించకముందు, మా ఊరి నుంచి పెద్ద రోడ్డుకు పోయే మట్టి బాటలో మొదలుపెట్టాం. ఛాతీ దగ్గర నుంచి రెండు చేతులతో నెట్టడం ఒకప్పుడు మాకు మంచినీళ్ళు తాగినంత తేలిక. ఇప్పుడు చీర కొంగు అడ్డం వచ్చేది. కంది కట్టెలు కొట్టి పగిలిన వేళ్ళకు బాల్ తగిలితే మంటెత్తేది. మొదటి రోజు ఊరి బోర్డు దాకా కూడా పోలేదు, బంతి పదిసార్లు పడి తుమ్మ ముళ్ళలోకి దొర్లింది. సింధుజ ముళ్ళలో చెయ్యి పెట్టి బాల్ తీస్తూ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక ఇద్దరం ఒక్కసారే ఇంటి వైపు చూశాం, ఎవరైనా విన్నారేమోనని.

మెల్లగా కుదిరింది. చీరలు మానేసి పంజాబీ డ్రెస్సులు వేసుకున్నాం. పాలు పోయడానికి పోయే వాళ్ళు బండి ఆపి చూసేవారు. ఊళ్ళో రకరకాలుగా అనుకున్నారు. అంగన్‌వాడీ టీచరుకు ఇదేం పాడు పని అని ఒకామె నా మొహం మీదే అంది. అత్త కూడా మొదట్లో గొణిగింది, ఈ వయసులో బంతాటేమిటని. కానీ రాత్రి పడుకోబోయే ముందు మా ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి మణికట్లకు ఆముదం రాసేది. అలా కూర్చోబెట్టడం ఆమెకు కావాల్సింది అనిపిస్తుంది నాకు. మొగుళ్ళు అటూ ఇటూ మొహాలు పెట్టుకున్న ఇంట్లో మేమిద్దరం ఒక చోట కూర్చునే వేళ అదొక్కటే.

ఆ బాట మీద కూడా మేం పెద్దగా మాట్లాడుకోలేదు. మాట్లాడితే అన్నదమ్ముల మాట వస్తుంది. అది వస్తే నేను నా మొగుడి వైపు, ఆమె తన మొగుడి వైపు నిలబడాలి. అందుకని బంతి చేతికి వచ్చినప్పుడు తీసుకోవడం, తిరిగి ఇవ్వడం, అంతే. దానికి పక్షాలు లేవు.

చలి తగ్గే వేళకు ఊరి పెద్దమనిషి బీరప్పను పిలిచి మందను పంచారు. దొడ్డిలో నుంచి ఒక్కో గొర్రెను బయటికి తోలుతుంటే బీరప్ప ఇది నీది, ఇది వాడిది అన్నాడు. మావాటి వీపుల మీద ఎర్ర రంగు పూశారు. పరశురాం వాటాకు వచ్చినవాటికి ఏ రంగూ పూయలేదు, అవి అమ్ముడుపోయేవే కాబట్టి. రెండు రోజులకు లారీ వచ్చింది. తల్లులు ఇటు ఉండిపోయి పిల్లలు అటు పోయినవి కొన్ని ఉన్నాయి. వాటి అరుపుకు అత్త ఇంట్లోంచి బయటికి రాలేదు. మా ఆయన ఆ పొద్దంతా మందను ఎక్కడికో దూరం తోలుకుపోయాడు. గొర్లు అమ్మగా వచ్చిన డబ్బుతో పరశురాం ఒక పాత ట్రాలీ ఆటో కొన్నాడు. తాండూరు నాపరాళ్ళ పాలిష్ మిషన్ల నుంచి బండలు వేసుకొని తిరగడం మొదలుపెట్టాడు.

నూరీన్ ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టి, నియమాలు చదివి మాకు వివరించింది. బంతి నేల తాకకూడదు. నడక ఆగకూడదు. మధ్య మధ్య కొద్ది నిమిషాల విరామం ఇస్తారు. ఇద్దరు సాక్షులు వెంట ఉండాలి. మొదటి నుంచి చివరి దాకా వీడియో తెగకూడదు. తాండూరులో మొదలుపెట్టి మా ఊరి బాట దాటి కొంచెం ముందుకు పోతే పాత రికార్డు దాటినట్టే. సాక్షులుగా ఆమె బడిలో టీచర్లు ఇద్దరు వస్తామన్నారు. వెనుక లారీలు గుద్దకుండా ఒక బండి నిదానంగా రావాలి. ఆ బండి కోసం నూరీన్ పరశురాంనే అడిగింది. అతను ఎన్ని గంటలకు రావాలో చెప్పమన్నాడు.

ఇంకా ఎండలు ముదరలేదు. తెల్లగా వెలుతురు వచ్చీ రాగానే తాండూరు పొలిమేరలో మొదలుపెట్టాం. నేను రోడ్డు అంచున, సింధుజ నాకు రెండు బారల దూరంలో. ముందు స్కూటీ మీద నూరీన్, ఆమె వెనుక సీటులో ఇటు తిరిగి కూర్చొని వీడియో తీసే టీచరు. వెనుక పరశురాం ట్రాలీ, అందులో ఇంకో సాక్షి. బండల దుమ్ము మీద మంచు పడి రోడ్డు పక్కంతా బూడిద రంగుగా ఉంది. మొదటి గంట హాయిగా పోయింది. రెండో గంటకు భుజాలు తెలిశాయి. ఆ తర్వాత భుజాలు, మోచేతులు అని వేరుగా ఏమీ లేవు, అంతా ఒక నొప్పి. బస్సుల్లోంచి జనం కిటికీల్లో తలలు పెట్టి చూశారు. కొందరు ఫోన్లు తీశారు. నా కంటికి బంతి తప్ప ఏదీ ఆనడం లేదు. అది వచ్చేది, పోయేది.

ధారూర్ ఇంకా రాలేదు. రెండు వైపులా కోసేసిన కంది చేలు. అప్పుడు సింధుజ అంది.

"అక్కా, నీకు ఒక మాట చెప్పాలె."

"చెప్పు."

"తాండూర్ల ఇల్లు దొరికింది. ఈన ఎప్పుడో పోదామన్నడు. గీ నడక అయ్యేదాంక ఆగుమని నేనే చెప్పిన. ఎల్లుండి పోతం."

బంతి నా వైపు వస్తోంది. పట్టుకున్నాను. తిరిగి విసిరాను.

"పాపను?" అన్నాను.

"గాడనే బడిల ఏస్తం."

ఇంకొన్ని అడుగులు నడిచాక అత్తమ్మ సంగతి అడిగాను. అది అత్తమ్మ ఇష్టమని సింధుజ చెప్పింది. ఆమె ఏడుస్తోందో, చెమట కారుతోందో తెలియలేదు. చేతులు రెండూ బంతికే కావాలి కాబట్టి తుడుచుకోవడానికి వీలు లేదు. నేను తర్వాతి బంతిని కొంచెం మెత్తగా వేశాను. ఆమె కూడా అలాగే వేసింది.

ధారూర్‌లో విరామం తీసుకున్నప్పుడు నూరీన్ మా ఇద్దరి మొహాలూ చూసి ఏమైందని అడిగింది. ఎండ అన్నాం. నోట్లో నీళ్ళు పోసి, భుజాలు పిసికి మళ్ళీ లేపింది.

మా ఊరి బాట ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డు మీదికి మంద వచ్చింది. వీపుల మీద ఎర్ర రంగు చూసి మావే అని తెలిసింది. ఇటు బీడు మేసి అటు నీళ్ళకు పోతున్నాయి. సగం రోడ్డు దాటాయి, సగం ఈ పక్కనే ఉన్నాయి. నడిమధ్యలో కట్టె భుజాన వేసుకొని మా ఆయన. మమ్మల్ని చూసి నిలబడిపోయాడు. ఈ రోజని ఆయనకు తెలుసు. ఈ వేళకు ఇక్కడికి వస్తామని అనుకోలేదు. మేం ఆగకూడదు. గొర్లు ఆగిపోయాయి. అవి రోడ్డు మీద ఆగాయంటే దేనికీ కదలవు. ముందు స్కూటీ వాటిలో చిక్కుకుంది.

అప్పుడు వెనుక ట్రాలీ ఆగిన చప్పుడు విన్నాను. పరశురాం దిగి మమ్మల్ని దాటుకొని పరుగెత్తాడు. గొంతులోంచి ఒక కూత వేశాడు. చిన్నప్పటి నుంచి మందకు అలవాటైన కూత అది. ఎన్నాళ్ళుగానో వినకపోయినా గొర్లు తలలు ఎత్తాయి. మా ఆయన కట్టె అడ్డం పెట్టి ఈ సగాన్ని వెనక్కి నెట్టాడు, పరశురాం చేతులు చాపి ఆ సగాన్ని అవతలికి తోలాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఎవరు ఎటు నిలబడాలో వాళ్ళకు చెప్పుకోవాల్సిన పని లేదు. మధ్యలో దారి అయింది. పూర్తిగా కాలేదు. కొన్ని గొర్లు మా ఇద్దరి నడుమనే నడిచాయి. వాటి మీదుగా నేను సింధుజకు, సింధుజ నాకు బంతి వేసుకుంటూ నడిచాం. ఉన్ని వాసన, దుమ్ము. ఒక గొర్రెపిల్ల నా కాళ్ళకు అడ్డం పడబోతే మా ఆయన వంగి దాన్ని ఎత్తుకున్నాడు.

"సూసి నడువుండ్రి," అన్నాడు.

మా ఇద్దరితో అన్నాడా, మరిదితో కూడా అన్నాడా, తెలియదు. నేను వెనుదిరిగి చూడలేదు. కాసేపటికి ట్రాలీ మళ్ళీ మా వెనుక వస్తున్న చప్పుడు వినిపించింది.

ఊరి బాట దాటాం. నూరీన్ స్కూటీ మీద నుంచి చెయ్యి ఊపింది. రికార్డు దాటేశారు, ఇక చాలు అని అరిచింది. నేను సింధుజను చూశాను. ఆమె బంతి వేసింది. నేను పట్టుకొని వేశాను. నూరీన్ మళ్ళీ చెప్పింది. మేం ఆగలేదు. ఎవరం ముందు ఆగినా ఇంటికి పోవాలి. పోతే ఎల్లుండి వస్తుంది. అలా ఎంత దూరం పోయామో, వికారాబాద్ ఇంకెంత ఉందో నాకు లెక్క లేదు. వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. ఒక చాయ్ హోటల్ ముందు బంతి నా అరచేతులకు తగిలి జారి కింద పడింది. రోడ్డు మీద రెండుసార్లు ఎగిరి కాలువలోకి పోయింది. సింధుజ అక్కడే రోడ్డు పక్కన కూర్చుంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. నూరీన్ వచ్చి ఇద్దరినీ పట్టుకొని ఏడ్చింది. మాకు ఏడవడానికి ఓపిక లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఇద్దరికీ చేతులు లేవలేదు. అన్నం ముద్ద పట్టుకోవడం రాలేదు. అత్త ఒకే కంచంలో అన్నం, పప్పు కలిపి తెచ్చి మా ముందు కూర్చుంది. నాకొక ముద్ద, సింధుజకొక ముద్ద పెట్టింది. ప్రణవి కూడా మధ్యలో దూరి నోరు తెరిచింది. కంచం సగమయ్యాక అత్త నా వైపు చూడకుండా అంది.

"పెద్దదానా, నేను పోరితోని పోత. నీకు దశరథ్ ఉన్నడు. గాడ గీమె ఒక్కతే ఉంటది పొద్దంత."

"పో అత్తమ్మా," అన్నాను.

ఆమె నాకు ఇంకో ముద్ద పెట్టింది.

అనుకున్న రోజు వాళ్ళు వెళ్ళారు. సామాను కొంచెమే. ట్రాలీలో మంచం, బీరువా, బియ్యం సంచి, పైన అత్త. ప్రణవి ముందు తండ్రి పక్కన కూర్చుంది. నేను కూడా వస్తున్నాననే అనుకున్నట్టుంది, జరిగి చోటు ఇచ్చింది. మా ఆయన అప్పటికే మంద తోలుకుపోయాడు. వాకిలి ఊడ్చి, నేను అంగన్‌వాడీకి వెళ్ళాను.

ఎండాకాలం ఎలా గడిచిందో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మణికట్లు వాచి చాలా రోజులు బిందె ఎత్తలేకపోయాను. మా ఆయన నీళ్ళు తెచ్చి పోసేవాడు. ఇంట్లో ఇద్దరమే. ఆయన పొద్దున పోతే చీకటికి వచ్చేవాడు, తినేవాడు, పడుకునేవాడు. గట్టిగా మాట్లాడుకోవడానికి ఎవరూ అడ్డం లేరు. అయినా మాటలు రాలేదు. తాండూరుకు రెండుమూడు సార్లు బయలుదేరబోయి మానేశాను. నేను పోతే ఆయన మొహం ఎలా ఉంటుందో అని. సింధుజ కూడా రాలేదు, అదే కారణానికి కావచ్చు. ఫోన్లో మాట్లాడుకున్నా, తిన్నారా, పాప బాగుందా, అంతటితో అయిపోయేది.

వానలు పడ్డాక నూరీన్ ఫోన్ చేసింది. గొంతు వినగానే తెలిసింది. వీడియో ఒక చోట తెగిందట. మంద రోడ్డు మీదికి వచ్చినప్పుడు స్కూటీ గొర్లలో చిక్కుకుంది కదా, పడిపోతానేమోనని ఆ టీచరు ఫోన్ దించాడు. అంతసేపూ ఆకాశం, స్కూటీ సీటు కనిపిస్తున్నాయి తప్ప బంతి కనిపించడం లేదు. ఆ ముక్క లేకుండా లెక్కలోకి తీసుకోలేమని రికార్డుల వాళ్ళు రాశారు. నూరీన్ చాలాసేపు తనను తాను తిట్టుకుంది, ఆ టీచరును తిట్టింది. నేను ఆమెను ఊరడించాను. మంద తోలింది మావాళ్ళేనని, ఎవరినని అంటామని అన్నాను. నిజానికి ఆ రోజు మొత్తంలో నాకు బాగా గుర్తున్నది ఆ ముక్కే.

సింధుజకు నేనే ఫోన్ చేశాను. వాన పడుతోంది, నడింట్లో గోడకు ఆనుకొని కూర్చున్నాను. మా ఆయన గొంగడి ఆరేసి పొయ్యి దగ్గర ఉన్నాడు. సంగతి చెప్పాను.

"నాకైతే మంచిగనిపించిందక్కా," అంది.

"ఎందుకే?"

"రికార్డు అయి ఉంటె అయిపాయె. మళ్ల మనిద్దరం కలిసేటి పనేముంటది?"

చేతులు ఇంకా నొప్పిగానే ఉన్నాయని చెప్పాను. నొప్పి తగ్గనిమ్మని, చలికాలం రానిమ్మని అంది. వెనుక ప్రణవి ఏదో పాట పాడుతోంది, అత్త దానికి తప్పులు పట్టుకుంటోంది. వచ్చే ఆదివారం తాండూరు వస్తానని చెప్పి పెట్టేశాను.

మా ఆయన పొయ్యిలో కట్టె ఎగదోశాడు. ఫోన్ ఎవరిదని అడగలేదు. మంట వైపు చూస్తూ అడిగాడు.

"అందరు మంచిగున్నరా?"

"మంచిగున్నరు," అన్నాను. ఆగి, "పరశురాం గూడ," అన్నాను.

ఆయన తల ఊపి, ఇంకా ఆరని గొంగడి కప్పుకొని దొడ్డి చూడటానికి వానలోకి వెళ్ళాడు.